యూనిట్‌కు 2 రూపాయల 43 పైసలు

ఇంజనీరు: మీ సంఘం లెటర్‌హెడ్ మీద గాలిమర బొమ్మ ఉంటుంది, పక్కన సూర్యుడు. అర్జీల్లో మాత్రం ఎప్పుడూ రూపాయలూ పైసలే. కరెంటు పంపిణీ సంస్థలో, అంటే డిస్కంలో, పనిచేసి రిటైరైనవాణ్ణి, అలాంటి అర్జీలు చాలానే చదివాను. మొదటి పేరాలో భూతాపం ఉంటుంది, రెండో పేరా నుంచి టారిఫ్. సూటిగా అడుగుతాను, ఏమనుకోకండి. మీది పర్యావరణ ఉద్యమమా, అమ్మకందార్ల సంఘమా?

ఉత్పత్తిదారు: అమ్మకందార్ల సంఘమే సార్. అందులో దాచేదేముంది? మద్దతు ధర కోసం ధర్నా చేసే రైతు సంఘాన్ని 'మీకు వరి మీద ప్రేమా, డబ్బు మీద ప్రేమా' అని ఎవరూ అడగరు. గిట్టుబాటు కాకపోతే పంట వేసేవాడే ఉండడు, అంతే. పైగా మా వ్యాపారం ఎలా నడుస్తుందో మీకు తెలియనిది కాదు. థర్మల్ ప్లాంటుకు రెండు బిల్లులు: ఒకటి స్థిర చార్జీ, ఇంకొకటి ఇంధనానిది. మీరు కరెంటు తీసుకోకపోయినా మొదటిది కట్టాలి. మాకు ఒకటే బిల్లు. గాలి వీచి, ఫ్యాను తిరిగి, మీటర్లో యూనిట్ పడితేనే డబ్బు. ఫ్యాను ఆగిపోయిన రోజు మాకు వచ్చేది సున్నా. ఆ నష్టం మీ వినియోగదారుడి మీద ఏనాడూ పడలేదు.

ఇంజనీరు: ఒప్పుకుంటాను. గ్యాస్ ప్లాంట్లతో పోలిస్తే మీరు చాలా నయం. కేజీ బేసిన్ డీ6 గ్యాస్ వస్తుందని నమ్మి కట్టుకున్నారు. 2013 కల్లా ఆ గ్యాస్ కరెంటు ప్లాంట్లకు రావడమే ఆగిపోయింది. ఎవరి నష్టం ఎవరు మోయాలన్న తగాదాలు కోర్టుల చుట్టూ తిరిగాయి. నా భయం అక్కణ్ణుంచి వచ్చిందే. ఒక సంతకం పెడితే పాతికేళ్లు వదలదు. పెట్టే అధికారికి మూడేళ్లలో బదిలీ అవుతుంది, పెట్టించే మంత్రికి ఐదేళ్లలో ఎన్నికలొస్తాయి. మిగిలేది బిల్లు కట్టేవాడు ఒక్కడే. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో చార్జీల పెంపు మీద ప్రదర్శన చేసిన జనం మీద కాల్పులు జరిపితే ముగ్గురు చనిపోయారు. ఆ రోజుల్లో కౌంటర్లలో కూర్చున్నవాళ్లం, యూనిట్ ధరలో పది పైసల తేడా అంటే ఏమిటో మాకు అనుభవంతో తెలుసు.

ఉత్పత్తిదారు: అయితే అసలు సంగతికే వద్దాం. 2019.

ఇంజనీరు: వద్దాం. ముందు లెక్క నేను చెబుతాను, తర్వాత మీ ఇష్టం. 2015లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి చేసిన నిబంధన ప్రకారం గాలి కరెంటుకు యూనిట్‌కు 4 రూపాయల 84 పైసలు దాకా ఇచ్చాం. 2017 ఫిబ్రవరిలో దేశంలో మొట్టమొదటి గాలి వేలం జరిగితే 3 రూపాయల 46 పైసలు పలికింది. ఆ ఏడాది డిసెంబరు వచ్చేసరికి గుజరాత్ వేలంలో 2 రూపాయల 43 పైసలు. సోలార్ అంతకుముందే, మే నెలలో, రాజస్థాన్‌లోని భడ్లాలో 2 రూపాయల 44 పైసలకు దిగింది. అంటే మేం కొంటున్న సరుకు రెండేళ్లలో సగం ధరకు పడిపోయింది. మేం మాత్రం పాత ధరకే 25 ఏళ్లు కొంటామని రాసిచ్చి కూర్చున్నాం. పైగా చట్టం కొనమన్న వాటా దాటిపోయి కొన్నాం. చాలా రాష్ట్రాలు చల్లగా కూర్చుంటే దేశానికి గాలి కరెంటు నేర్పించిన ఖర్చు అనంతపురం, కర్నూలు వినియోగదారుడు కట్టాడు. ఇది న్యాయమని మీరు గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలరా?

ఉత్పత్తిదారు: చెప్పగలను. 2016లో నేను కొన్న టర్బైన్ 2016 ధరకే వచ్చింది. బ్యాంకు అప్పు ఆ రోజు వడ్డీకే ఇచ్చింది. మరుసటి ఏడాది ఇంకెవరో ఇంకో రాష్ట్రంలో తక్కువకు పాడుకున్నారని నా కిస్తీ తగ్గదు కదా? ఆ 4.84 మేం రహస్యంగా కుదుర్చుకున్నది కూడా కాదు. నియంత్రణ మండలి బహిరంగ విచారణ పెట్టి, పెట్టుబడి ఖర్చు ఇంత, ఫ్యాను ఏడాదిలో సగటున ఇంత తిరుగుతుంది అని లెక్కలు వేసి ఇచ్చిన ధర. ఇంకో సంగతి, ఆ వేలం ధరలు ఏం చేశాయో చూడండి. 2016-17లో దేశంలో 5,500 మెగావాట్లకు పైగా కొత్త గాలి ప్లాంట్లు వచ్చాయి. వేలాలు మొదలైన మరుసటి ఏడు 1,800 మెగావాట్లు కూడా రాలేదు. పాడుకోవడం వేరు, కట్టడం వేరు.

ఇంజనీరు: ఆ పడిపోవడానికి పాత రాయితీలు పోవడం కూడా కారణమే.

ఉత్పత్తిదారు: అదీ నిజమే. నా బాధ ధర గురించి ఒక్కటే కాదు సార్, జరిగిన తీరు గురించి. 2019 జులై 1న రాష్ట్ర ప్రభుత్వం జీవో ఇచ్చింది, ధరల మీద సంప్రదింపులకు ఉన్నత స్థాయి కమిటీ అని. పన్నెండో తేదీకి డిస్కం నుంచి ఉత్తరం వచ్చింది, గాలికి 2.43, సోలార్‌కు 2.44కి తగ్గించుకోండి, లేదంటే ఒప్పందం రద్దు అని. సంప్రదింపులు మొదలవకముందే ధర తేలిపోయింది. ఒక్కో డెవలపర్ విడివిడిగా వెళ్లి ఉంటే ఏమయ్యేదో మీరే ఊహించండి. బాకీ పడ్డ డబ్బు కావాలంటే సంతకం పెట్టమనేవారు. పది మెగావాట్లున్న చిన్నవాడు మూడు నెలల కిస్తీ తప్పితే బ్యాంకు దృష్టిలో మొండి బాకీదారు. వాడు సంతకం పెట్టేవాడే. సంఘం ఉన్నది అందుకే.

ఇంజనీరు: ఆ పద్ధతిని నేను సమర్థించను. నియంత్రణ మండలి ముందు పెట్టాల్సిన వాదనను సచివాలయంలో కూర్చుని జీవోగా మార్చారు. మంచి వాదన చేతులారా పాడుచేసుకున్నారు. హైకోర్టు 2019 సెప్టెంబరులో జీవోను కొట్టేసింది, అక్కడిదాకా ఎవరైనా ఊహించగలిగిందే. కానీ అదే తీర్పు, మండలి తేల్చేదాకా 2.43, 2.44 చొప్పునే చెల్లించమంది కదా? అంటే మా లెక్కలో పస ఉందని ఒక న్యాయమూర్తికైనా అనిపించింది.

ఉత్పత్తిదారు: 2022 మార్చి 15న డివిజన్ బెంచి అది కూడా తీసేసింది. ఒప్పందంలో ఉన్న ధరే ఇవ్వాలి, బాకీలు ఆరు వారాల్లో తీర్చాలి అంది. మేం గెలిచాం. కానీ ఆ రెండున్నరేళ్లు సగం డబ్బుతో ఎలా నెట్టుకొచ్చామో తీర్పులో ఉండదు. పాత బాకీలకు ఆ జూన్‌లో కేంద్రం వాయిదాల నిబంధనలు తెస్తే గానీ ఊపిరాడలేదు.

ఇంజనీరు: మీరు గెలిచిన కేసులో ఓడింది డిస్కం అని పత్రికలు రాశాయి. డిస్కం జేబులోంచి ఏం పోతుందండీ? దానికి జేబే లేదు. 2023 నుంచి నెలనెలా బిల్లులో యూనిట్‌కు 40 పైసలు సర్దుబాటు చార్జీ వేయడం మొదలుపెట్టారు. బొగ్గు ధర, మార్కెట్లో కొనుగోళ్లు, అన్నీ అందులోకి వస్తాయి, మీ ఒక్కరి వల్ల అని నేననను. కానీ ఓడినవాడు చివరికి ఎవరో ఆ బిల్లు చూస్తే తెలుస్తుంది. నేను మీ సంఘాన్ని అడిగేది ఇంకొకటి. 2017లో ధరలు కళ్లముందే దిగుతున్నప్పుడు, పాత నిబంధన గడువు ముందే ముగించమని డిస్కంలు మండలిని అడిగితే మీవాళ్లు ఎందుకు అడ్డం పడ్డారు? ఆ రోజు 'సరే, కొత్త ప్లాంట్లకు కొత్త ధర' అని మీరే అని ఉంటే 2019లో ఏ ప్రభుత్వానికీ మీ మీదికి రావడానికి అంత సాకు దొరికేది కాదు.

ఉత్పత్తిదారు: అప్పటికే భూములు కొని, టర్బైన్లకు అడ్వాన్సులు కట్టినవాళ్లు ఉన్నారు.

ఇంజనీరు: అడ్వాన్సు కట్టి, ప్లాంటు కట్టి, రెండేళ్లు తిరగకుండా ఇంకో కంపెనీకి లాభానికి అమ్మేసినవాళ్లు?

ఉత్పత్తిదారు: ఉన్నారు, మా సభ్యుల్లోనే ఉన్నారు. వాళ్లనూ, ఊళ్లో ఆస్తి తాకట్టు పెట్టి రెండు ఫ్యాన్లు నిలబెట్టినవాణ్ణీ ఒకే గొడుగు కింద పెట్టి మాట్లాడాల్సి రావడం నాకూ ఇబ్బందే. చందా ఎక్కువ కట్టేది పెద్దవాళ్లు. లాయరు ఫీజుకు డబ్బిచ్చేదీ వాళ్లే.

ఇంజనీరు: ఇంత తేలిగ్గా ఒప్పుకుంటారనుకోలేదు.

ఉత్పత్తిదారు: ఒప్పుకుంటే నా వాదన పోదు. మీ డిస్కంలు ఎలా ప్రవర్తిస్తాయో తమిళనాడు కేసు ఒకటి చాలు. సోలార్ ప్లాంట్లను తప్పనిసరిగా నడపాలన్నది గ్రిడ్ కోడ్‌లో ఉన్న నియమం. గ్రిడ్ భద్రత కోసం తప్ప ఆపకూడదు. అక్కడ పగటిపూట ఆపమని ఫోన్లు వచ్చేవి. కారణం అడిగితే గ్రిడ్ భద్రత అనేవారు. సోలార్ సమాఖ్య ఆ లెక్కలన్నీ పోగేసి విద్యుత్ అప్పిలేట్ ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. భద్రత పేరు చెప్పి ఖర్చు తగ్గించుకోవడానికే ఆపారని 2021లో ట్రిబ్యునల్ తేల్చి పరిహారం ఇమ్మంది. ఏ ఒక్క ప్లాంటు యజమాని అయినా ఒంటరిగా ఆ లోడ్ డిస్పాచ్ రికార్డులు బయటికి లాగగలిగేవాడా?

ఇంజనీరు: ఆ కేసులో మీవాళ్లదే న్యాయం. ఫోన్లో చెప్పి కాగితం మీద రాయకపోవడం మా శాఖల పాత జబ్బు. అయితే ఆ కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నవాడి అవస్థ కూడా వినండి. మన దగ్గర గాలి ఏడాది పొడుగునా వీచదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలుల్లోనే మీ ఉత్పత్తిలో ఎక్కువ భాగం వచ్చేస్తుంది. సరిగ్గా అప్పుడే వానలు పడతాయి, బోరు మోటార్లు ఆగుతాయి, లోడ్ పడిపోతుంది. అర్ధరాత్రి గాలి హోరుమని వీస్తుంటే థర్మల్ యూనిట్లను కనిష్ఠానికి దించాలి, వాటి స్థిర చార్జీ మాత్రం కట్టాలి. మళ్లీ మార్చిలో, ఏసీలూ మోటార్లూ కలిసి లోడ్ ఆకాశాన్ని అంటినప్పుడు, మీ ఫ్యాన్లు కొండల మీద కదలకుండా నిలబడి ఉంటాయి. మీ 4.84కి ఈ ఖర్చు కూడా కలపాలి. మీ అర్జీల్లో ఆ కూడిక నాకెప్పుడూ కనిపించలేదు.

ఉత్పత్తిదారు: కలపండి, కాదనను. కలిపేటప్పుడు ఇటువైపుదీ కలపండి. ఒకప్పుడు రైతుకు కరెంటు ఏ వేళ వచ్చేది? రాత్రి ఒంటిగంటకు లేచి, టార్చి పట్టుకుని గట్ల మీద నడిచి, తడి చేత్తో స్టార్టర్ నొక్కేవాడు. పాముకాటుకూ షాకుకూ ఎంతమంది పోయారో మీ లైన్‌మన్లకు తెలుసు. ఈ రోజు పగలు తొమ్మిది గంటలు వ్యవసాయానికి ఇవ్వగలుగుతున్నారంటే పగటి సోలార్ లేకుండా సాధ్యమేనా? అది ఏ యూనిట్ ధరలో వేస్తారు?

ఇంజనీరు: నా సర్వీసులో చూసిన అతి పెద్ద మార్పు అదే. దానికి మీకు దండం పెట్టాల్సిందే. కాకపోతే దండం సోలార్‌కు, సంఘానికి కాదు. ఈ రెండూ వేరని మీరు ఒప్పుకోవడం లేదు, నా పోట్లాట అక్కడే. 2020లో కేంద్ర నియంత్రణ మండలి హరిత విద్యుత్తు వాటాకు బదులుగా కొనుక్కునే పునరుత్పాదక ధ్రువపత్రాల కనీస ధర తీసేసింది. పత్రం చవకైతే ఎక్కువ మంది కొంటారు. గాలి, హరిత విద్యుత్ ఉత్పత్తిదారుల సంఘాలు ట్రిబ్యునల్‌కు వెళ్లి 2021లో ఆ ఆదేశాన్ని కొట్టేయించాయి. హరిత విద్యుత్తు కోసం పుట్టిన సంఘం హరిత విద్యుత్తు చవక కాకూడదని పోరాడింది. 2022 చివర్లో కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చి ఆ కనీస ధర ఎలాగూ పోయిందనుకోండి.

ఉత్పత్తిదారు: ఆ కనీస ధరను నమ్ముకుని ప్లాంట్లు కట్టినవాళ్లు ఉన్నారు. మధ్యలో నేల లాగేస్తే...

ఇంజనీరు: మీ జవాబు ప్రతిసారీ అదే కదండీ. నమ్ముకుని కట్టినవాళ్లు. వినియోగదారుడు కూడా ఏదో ఒకటి నమ్ముకుని ఇల్లు నడుపుతాడు.

ఉత్పత్తిదారు: సరే, అలాగైతే సంఘాలన్నీ ఒకే మాట అనవని కూడా గుర్తుపెట్టుకోండి. 2018లో దిగుమతి సోలార్ ప్లేట్ల మీద 25 శాతం రక్షణ సుంకం వేయించింది ఇక్కడి తయారీదార్ల సంఘం. దాన్ని వ్యతిరేకించింది ప్లాంట్లు కట్టే మేం. సుంకం పడితే యూనిట్ ధర పెరుగుతుందని అరిచింది మేమే. ఇంటి డాబాల సంగతి చూడండి. 2020 డిసెంబరులో వచ్చిన కేంద్ర నిబంధనల్లో నెట్ మీటరింగ్‌ను 10 కిలోవాట్లకు కుదించేశారు. చిన్న చిన్న ఇన్‌స్టాలర్లు, వాళ్ల సంఘాలు గోల చేస్తే ఆరు నెలల్లో అది 500 కిలోవాట్లకు పెరిగింది. అక్కడ అమ్మకందారు లాభమూ జనం లాభమూ ఒక్కటే అయ్యాయి. అడ్డం పడిందెవరు? డిస్కంలు.

ఇంజనీరు: బిల్లు సరిగ్గా కట్టే పెద్ద వినియోగదారులంతా డాబా మీద ప్లేట్లు వేసుకుని వెళ్లిపోతే, ఉచిత కరెంటు భారం ఎవరి మీద వేయాలన్న భయం. భయం నిజమే, దానికి ఎంచుకున్న మందు తప్పు. అది నేను ఉద్యోగంలో ఉన్నప్పుడే అన్నాను, ఎవరూ వినలేదనుకోండి. ఇంకొక విషయం అడగాలి. ఇది టారిఫ్ గురించి కాదు. నంబులపూలకుంట సోలార్ పార్క్, ఉమ్మడి కర్నూలు జిల్లా గని, శకునాల దగ్గర 1,000 మెగావాట్ల పార్క్. రెండో దానికే దాదాపు ఆరు వేల ఎకరాలు పోయింది. పట్టా ఉన్నవాడికి ఒక లెక్క, ప్రభుత్వం ఇచ్చిన డీకేటీ పట్టా ఉన్నవాడికి ఇంకో లెక్క, ఏ కాగితమూ లేకుండా తాతల కాలం నుంచి సాగు చేసుకుంటున్నవాడు ఆఫీసుల చుట్టూ తిరగడం. గొర్రెలు మేపుకునేవాడికైతే ఏ లెక్కా లేదు, బీడు చుట్టూ ఇనుప కంచె పడింది, అంతే. టారిఫ్ మీద ట్రిబ్యునల్‌కు వెళ్లిన మీ సంఘాలు ఆ గొర్రెల కాపరి కోసం ఒక్క కలెక్టరుకు ఒక్క అర్జీ ఇచ్చాయా?

ఉత్పత్తిదారు: భూసేకరణ ప్రభుత్వం చేసింది. పార్కులో మాకు చదును చేసిన స్థలం అప్పగిస్తారు, మేం దానికి డబ్బు కడతాం.

ఇంజనీరు: నేనడిగింది అది కాదు.

ఉత్పత్తిదారు: ఇవ్వలేదు సార్. ఇవ్వాల్సిందేమో. కానీ ఒక్క మాట వినండి. అనంతపురం మెట్టభూమిలో పదేళ్లలో ఎన్నేళ్లు శెనక్కాయ చేతికొచ్చింది? వానకోసం చూసి చూసి అప్పులపాలైన రైతుకు ఏటా కచ్చితంగా వచ్చే కౌలు డబ్బు చిన్న విషయం కాదు. అందుకే ఇప్పుడు చాలామంది సేకరణ కంటే కౌలే మేలంటున్నారు, మేమూ అదే అంటున్నాం. గాలి ఫ్యానుకైతే పునాదికీ దారికీ సరిపడా నేల చాలు, చుట్టూ సేద్యం సాగుతూనే ఉంటుంది. కాపరి విషయంలో నా దగ్గర జవాబు లేదు. కౌలు భూమి ఉన్నవాడికి వస్తుంది, అతనికి భూమి లేదు.

ఇంజనీరు: లేనివాడికి సంఘమూ లేదు. అక్కడే నాకు మంటగా ఉంటుంది. 2024 అక్టోబరులో రాష్ట్రం కొత్త స్వచ్ఛ ఇంధన విధానం తెచ్చింది. 160 గిగావాట్లు, 10 లక్షల కోట్ల పెట్టుబడి అంటున్నారు. అంతకుముందు 2021లోనే కేంద్ర సంస్థ సెకీతో 7,000 మెగావాట్ల సోలార్‌కు, 2 రూపాయల 49 పైసలకు ఒప్పందం రాసుకున్నారు, అదీ పాతికేళ్లకే. ఈ విధానాల ముసాయిదా మీద మీ సంఘాలు అభిప్రాయాలు పంపుతాయి, మంత్రులతో ఫొటోలు దిగుతాయి. ఎదుటి కుర్చీలో ఎవరున్నారు? తిరుపతిలోనో విజయవాడలోనో విచారణ పెడితే సొంత ఖర్చుతో వచ్చి, ఐదు నిమిషాలు మాట్లాడి వెళ్లే నలుగురైదుగురు.

ఉత్పత్తిదారు: ఒక ప్రభుత్వం సంతకం పెడుతుంది, తర్వాతది తిరగదోడుతుంది, ఆ తర్వాతది మళ్లీ రమ్మని పిలుస్తుంది. పిలిచినవాణ్ణి నమ్మి పెట్టుబడి పెట్టాలంటే మాకు కాగితం ఒక్కటే దిక్కు. ఆ కాగితాన్ని కాపాడే మనిషి కావాలి. పిన్నాపురంలో నీళ్లను పైకి తోడి మళ్లీ వదిలి కరెంటు నిల్వ చేసే ప్రాజెక్టు కట్టారు చూశారా? ఎండ పోయాక కావాల్సిన సాయంత్రం కరెంటుకు అదొక జవాబు. రేపు ధర మారదన్న నమ్మకం లేకపోతే అంత డబ్బు కొండల మధ్య ఎవరు పోస్తారు?

ఇంజనీరు: నమ్మకం ఉండాలి. రెండు వైపులా ఉండాలి. అందుకే ఒకటి అడుగుతున్నాను. ఒప్పందంలో ధర కదపొద్దు. కానీ తర్వాత వడ్డీ రేట్లు తగ్గి, మీరు పాత అప్పు తీర్చి చవక అప్పు తెచ్చుకున్నారనుకోండి, ఆ మిగులులో సగం వినియోగదారుడికి ఇస్తామని మీ సంఘమే మండలి ముందు ప్రతిపాదించగలదా? జీవోతో కాదు, కోర్టుతో కాదు, మీ అంతట మీరుగా.

ఉత్పత్తిదారు: సభ్యుల సమావేశంలో ఆ మాట ఎత్తితే పదవిలో ఉంచరు.

ఇంజనీరు: అదే నేననేది.

ఉత్పత్తిదారు: ఆగండి సార్, ఇంకా అయిపోలేదు. పదవి పోతే పోయింది. నాకూ ఒక షరతు ఉంది. బిల్లు ఇచ్చిన 45 రోజుల్లో డబ్బు రావాలి. ప్రభుత్వం డిస్కంలకు ఇవ్వాల్సిన సబ్సిడీ బాకీ పెట్టి, ఆ బాకీ మా నెత్తిన రుద్దడం ఆగాలి. దానికి మీరు, అంటే విచారణల్లో వినియోగదారుల తరఫున లేచి నిలబడేవాళ్లు, మాతో కలిసి సంతకం పెట్టాలి. 'ప్రైవేటువాళ్లకు వత్తాసు' అని రేపు మీ వాళ్లే అంటారు. పెడతారా?

ఇంజనీరు: సబ్సిడీ బాకీ మాట కాగితం మీద పెట్టాలని నేను అడగబట్టి ఎన్నేళ్లయిందో. వడ్డీ మిగులు పేరా ముందు రాయండి, బాకీ పేరా దాని కింద. అభ్యంతరాలు పంపే గడువు దాటకముందే నాకు చేరాలి. చదివి, ఎక్కడ మెలిక పెట్టారో చూసుకుని, అప్పుడు చెబుతాను.